బస్సు దిగని సింహాచలం బాబాయ్

భిలాయిలో ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి అడిగే మాట ఒకటే. "రమ దీదీ, పిల్లలకి సెలవులొచ్చాయి, ఏ చోట్లు చూపించమంటారు?" వెనకటికైతే గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టేదాన్ని. కోణార్క్, హంపి, అజంతా, ఖజురహో, మన సిర్పూర్, మన బస్తర్. ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తున్నాను, ఎవరితో కలిసి చూస్తారని. వాళ్ళు నన్ను అదోలా చూస్తారు. పెద్దదైపోయింది పాపం, అడిగినదానికి జవాబు చెప్పలేకపోతోంది అనుకుంటారు కాబోలు. అనుకోనీ.

పవర్ హౌస్ రోడ్డులో ఒక చిన్న ట్రావెల్స్‌లో బస్సు వెంట వెళ్ళే గైడుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు స్మృతి నగర్‌లో మా ఇంటికి వచ్చి, దీదీ, పని నేర్పండి అని కూర్చున్నారు. చోట్ల వివరాలు ఫోన్లో దొరుకుతాయి, వాటికి నేను అక్కర్లేదు. ఫోన్లో దొరకనిది రాసి ఇస్తానన్నాను. వాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. వాళ్ళ అమ్మలు చదివి వినిపిస్తారట. మంచిదే, అమ్మలు కూడా వింటారు.

ఇందులో ఎక్కువ భాగం ఒక మొగుడూ పెళ్ళాల గురించి. ఆయన బస్సు దిగనన్నారు. ఆవిడకి ఆయన పక్కన నిలబడి ఒక్క చోటైనా చూడాలని ఆశ. నా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ మూడు రోజుల్లోనే ఉంది.

బస్సు ఎక్కిన తీరు

మా నాన్న విజయనగరం పక్క నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది సెక్టర్ 4 క్వార్టర్లో. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. ఈ మూడూ నోటికి వచ్చు కాబట్టే ఉద్యోగం వచ్చింది, నా డిగ్రీ కాగితం ఎవరూ చూడలేదు. ట్రావెల్స్ యజమాని సేఠ్‌జీ మొదట నన్ను టికెట్లు రాయడానికి పెట్టుకున్నారు. ఒకసారి క్యాంప్ 2 బస్తీలో ఉండే ప్లాంటు తెలుగువాళ్ళు బస్సు మాట్లాడుకుని పూరీ, కోణార్క్ వెళ్తూ, హిందీ గైడు మాకొద్దని మొండికేశారు. "ఆపీసులో మనోళ్ళ గుంట ఉంది గదా, దాన్నే అంపండి" అని ఆడవాళ్ళు తేల్చేశారు. అలా ఎక్కాను బస్సు. సేఠ్‌జీ ఒక ఎర్ర గొడుగు చేతిలో పెట్టి, జనం తప్పిపోకుండా ఇది పైకెత్తి పట్టుకో బేటీ అన్నారు. ఉద్యోగానికి ఇచ్చిన ట్రైనింగు అంతే.

నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ. కోణార్క్ రథచక్రం గురించి చదివి బట్టీ పట్టి, అక్కడ నిలబడి దంచేస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్ళే ఉన్నారు, మగవాళ్ళు ఒక్కరూ లేరు. వెతుక్కుంటూ వెళ్తే, గుడి ఆవరణలో పడి ఉన్న పాతకాలపు ఇనుప దూలాల చుట్టూ మూగి ఉన్నారు. ఇంత పొడుగు ఇనుము ఆ రోజుల్లో ఎలా అతికారని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. ఒకాయన దూడ వీపు నిమిరినట్టు దూలాన్ని నిమురుతున్నాడు. నేను పిలిస్తే ఒక్కరూ కదల్లేదు. ఇంత గొప్ప శిల్పం వదిలేసి తుప్పు చూస్తారా అని నాకు ఒళ్ళు మండిపోయింది, తిరుగు దారంతా మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

వచ్చాక సేఠ్‌జీతో చెప్పుకుంటే ఆయన నవ్వారు. వాళ్ళ కళ్ళు వాళ్ళవి బేటీ, తీసుకెళ్ళి నిలబెట్టు చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. మరి నేనెందుకు, ఒక గొడుగుని పంపిస్తే సరిపోదా అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

రోజుకి రెండే

సేఠ్‌జీ మంచివారే గానీ ఒక జబ్బు ఉండేది. ఒకే రోజులో ఐదు చోట్లు చూపిస్తామని కాగితం మీద అచ్చు వేయించేవారు. జనం ఎగబడి వచ్చేవారు కూడా. సాయంత్రానికి ఏ గుడి ఎక్కడ చూశామో ఒక్కరికీ గుర్తుండేది కాదు, కాళ్ళ నొప్పులు మాత్రం గుర్తుండేవి. మీరు మాత్రం రోజుకి రెండుకి మించి ఒప్పుకోకండి. మూడోది చూడకపోతే కొంపలేం మునగవు.

సిర్పూర్‌కి చలికాలం పొద్దున్నే తీసుకెళ్ళండి. ఎండ పడితే అక్కడి పాత ఇటుక గుడి ఎర్రగా వెలుగుతుంది. ఒక రాణి పోయిన భర్త జ్ఞాపకంగా కట్టించిందని చెబుతారు. అది చెప్పాక కాసేపు ఊరుకోండి, భర్త పోయినవాళ్ళు బస్సులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. హంపి మన ఎండాకాలంలో వద్దు, బండలు కాలిపోతాయి. ఖజురహో గొప్పదే గానీ ఇక్కడి నుంచి వెళ్ళి వచ్చేసరికి పెద్దవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది.

భోరమ్‌దేవ్ దగ్గర నేను పడిన ఇబ్బంది మీరూ పడతారు. గుడి గోడల మీద ఆడా మగా కలిసి ఉన్న బొమ్మలు ఉన్నాయి. మనవాళ్ళ ముందు, అందులోనూ అత్తగారి వయసు వాళ్ళ ముందు, వాటి గురించి తెలుగులో చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు. ఆ గోడ రాగానే హిందీలోకి దూకి గబగబా దాటించేసేదాన్ని. ఒకసారి ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఏటమ్మా, ఇంతవరకూ తెలుగులో సెప్పి ఇక్కడ ఇందీలోకి ఎల్లిపోనావు? మేఁవేటి పిల్లల్ని కనలేదనుకున్నావా?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు, నాకూ నవ్వాగలేదు. ఆ రోజు నుంచి అన్నీ తెలుగులోనే చెప్పాను.

భోజనం సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళు ఏడు వింతలు చూపించినా మధ్యాహ్నం వేడన్నం, చారు లేకపోతే చూడలేదంటారు. బస్సు డిక్కీలో స్టవ్వూ గిన్నెలూ వేసుకునే బయల్దేరండి. ఊరగాయలు తెచ్చుకోమని చెప్పక్కర్లేదు, ఎవరి సీసా వాళ్ళ సంచిలో ఉంటుంది.

కార్తీక మాసంలో బస్తర్

కార్తీకంలో ఇక్కడి మనవాళ్ళు ఆదివారం ఆదివారం పార్కుల్లో వనభోజనాలు పెట్టుకుంటారు. ఒక ఏడాది క్యాంప్ 2లో కొన్ని కుటుంబాల వాళ్ళు, పార్కులో చెట్టు కింద తిని వచ్చే బదులు నిజం అడవికే పోదామన్నారు. మూడు రోజుల బస్తర్ ప్రయాణం కుదిరింది. ఎక్కువమంది ప్లాంటులో రిటైరైన వాళ్ళూ, వాళ్ళ భార్యలూ. డ్రైవరు మా సాహూ భయ్యా, నాతో ఎప్పుడూ వచ్చే మనిషే.

అందులో ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు సింహాచలం బాబాయ్, పార్వతమ్మ పిన్ని. నాకు చుట్టాలు కారు. ఇక్కడ మన ఊళ్ళ వాళ్ళందరూ బాబాయిలూ పిన్నులే. ఆయన ప్లాంటులో పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో చేసి రిటైరయ్యారు. మనిషి నిటారుగా ఉంటారు, ఇస్త్రీ చొక్కా వేస్తారు, పరువు మనిషి. వయసు మీద పడ్డాక చెవులు బాగా తగ్గిపోయాయి, వాళ్ళ నాన్నగారికీ అంతేనట. చెవిలో మిషను ఉంది. గదిలో ఒక్కరు మాట్లాడితే పనికొస్తుంది గానీ, బస్సులో ఇంజను చప్పుడూ నలుగురి మాటలూ కలగలిసి అందులో ఒకటే రొద.

పార్వతమ్మ పిన్ని చిన్నగా, గలగలా మాట్లాడే మనిషి. కిరాణా కొట్టువాడు ఇచ్చిన క్యాలెండర్లో చిత్రకోట్ జలపాతం బొమ్మ చూసిందట. ఏడాది అయిపోయినా ఆ కాగితం గోడ మీద నుంచి తీయలేదు. బస్సెక్కుతూనే నాతో చెప్పింది, నాకు ఇంకేటీ సూపించకపోయినా పర్లేదు, ఆ నీళ్ళు సూపించు అని.

కేశ్‌కాల్ ఘాటీ కొండదారి ఎక్కాక టీకి ఆగాం. అందరూ గుంపుగా నిలబడి కబుర్లాడుతున్నారు. ఎవరో బాబాయ్‌ని ఏదో అడిగారు. ఆయన వేరే ఏదో అనుకుని గంభీరంగా జవాబు చెప్పారు. గుంపంతా ఘొల్లున నవ్వింది. చెడు మనసుతో నవ్విన నవ్వు కాదు, మనవాళ్ళు దేనికైనా నవ్వుతారు. ఆయనకి ఎందుకు నవ్వారో తెలియలేదు, తనని చూసి నవ్వారని మాత్రం తెలిసింది. టీ గ్లాసు అలాగే గోడ మీద పెట్టి వెళ్ళి బస్సులో కూర్చున్నారు.

ఇక దిగలేదు. కొండగావ్‌లో కంచు బొమ్మలు పోతపోసే ఇళ్ళ దగ్గర ఆగాం. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ప్లాంటు మనుషులకి అది పండగే, పోత పోసేవాడి చుట్టూ చేరిపోయారు. పిన్ని రెండుసార్లు బస్సు దగ్గరికి వెళ్ళి పిలిచింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, నువ్వు పో అన్నారు. ఆవిడ చూసి వచ్చి, పక్కన కూర్చుని, చూసినదంతా గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టింది. బస్సంతా వింటోంది. ఆయన కాసేపు తల ఊపి, సర్లే, తెలిసిందిలే అని కళ్ళు మూసుకున్నారు. పిన్ని ఆగిపోయింది.

ఆ సాయంత్రం జగదల్‌పూర్ లాడ్జిలో భోజనాలప్పుడు ఆవిడ నా పక్కన కూర్చుంది. అన్నం కలుపుతోంది గానీ తినడం లేదు. ఏమైంది పిన్నీ అన్నాను.

"ఏటవుద్ది. ఆయన షిఫ్టులకి పోతే నాను పిల్లల్తో ఉండేదాన్ని. నాను గుడికి పోతే ఆయన పడుకునుండేవోరు. సినిమాకి కూడా ఆయనొక రోజు, నానొక రోజు ఎల్లేవోళ్ళం, ఇల్లు కాయాల గదా. పెళ్ళయిన కాడి నుండి మేఁవిద్దరం పక్కపక్కన నిలబడి ఒక్కటే వస్తువుని సూసింది నేదమ్మా. నాను సూసొచ్చి సెప్తే ఆయన సూసినట్టవుద్దేటి?" అంది.

 రేపు నేను చూసుకుంటాను పిన్నీ, ఆయన్ని దించే పూచీ నాది అన్నాను. అంత ధైర్యం ఎందుకు చెప్పానో, నా నోరు అలాంటిది.

నేను చూసుకున్న తీరు

రెండో రోజు కుటుమ్‌సర్ గుహ. కాంగేర్ అడవిలో ఉంది. ఆ నేషనల్ పార్కు గేటు దగ్గర బస్సు వదిలి జీపుల్లో పోవాలి. వానాకాలంలో మూసేస్తారు, నీళ్ళు తగ్గాకే తెరుస్తారు, అది కనుక్కోకుండా ఎప్పుడూ జనాన్ని తీసుకుపోకండి.

గేటు దగ్గర నేను బాబాయ్ సీటు పక్కకి వెళ్ళాను. ఆయన చెవి దగ్గర వంగి, గుహ గురించి నా మామూలు ఉపన్యాసం పెద్ద గొంతుతో మొదలుపెట్టాను. లోపల రాళ్ళు ఎలా వేలాడతాయో, కళ్ళు లేని చేపలు ఎలా ఉంటాయో, అన్నీ. నేను మీ పక్కనే ఉండి ఇలాగే చెబుతాను, రండి అన్నాను. దిగబోతున్న వాళ్ళందరూ ఆగి మా వైపు చూస్తున్నారు. ఎవరో, ఇంకొంచెం గట్టిగా సెప్పమ్మా అని సాయం కూడా వచ్చారు. బాబాయ్ చెవిలో మిషను నెమ్మదిగా తీసి జేబులో పెట్టుకున్నారు. నా వైపు చూసి, నాకు ఓపిక లేదమ్మా, మీరెళ్ళి రండి అన్నారు. మర్యాదగానే అన్నారు. నా మొహం కందగడ్డ అయింది.

వినపడని మనిషి దగ్గర అరవడం ఎంత తప్పో మీరు ఈ పేజీలోనే నేర్చుకోండి, నాలాగా బస్సులో నేర్చుకోవద్దు. మనం గొంతు పెంచిన కొద్దీ ఆ మనిషి పదిమందిలో చిన్నవాడైపోతాడు.

పిన్ని మాతోనే జీపెక్కింది. గుహలో సన్నటి మెట్లు దిగాలి. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అంతా దిగాక అటవీశాఖ గైడు, లోపలి చీకటి ఎలా ఉంటుందో చూడండని చేతిలో దీపం ఒక్క క్షణం ఆర్పేశాడు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.  పిన్ని గొంతు నా భుజం పక్కన మెల్లగా వినిపించింది.

"రమమ్మా, నాను మాట్టాడకపోతే ఆయనకి ఇలగే ఉంటాదేమో."

దీపం వెలిగింది. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేనూ తుడుచుకున్నాను. తీరథ్‌గఢ్ జలపాతం అటే ఉంది గానీ ఆ రోజు గుహ దగ్గరే పొద్దు పోయింది.

చిత్రకోట్

మూడో రోజు పొద్దున చిత్రకోట్, మధ్యాహ్నం బార్సూర్‌లో రాతి వినాయకులు, అక్కడి నుంచి ఇంటి దారి. ఇదీ ఏర్పాటు. సేఠ్‌జీ టైము గురించి ఫోన్లో రెండుసార్లు హెచ్చరించారు.

ఒక మాట. చిత్రకోట్‌ని వానాకాలంలో చూస్తే ఇంద్రావతి ఎర్రగా, కోపంగా పడుతుంది. ఎండాకాలంలో చూస్తే రెండు మూడు పాయలు మిగులుతాయి, జనం ఇంతేనా అంటారు. వానలు వెళ్ళాక ఒకటి రెండు నెలలు నీరు తెల్లబడి, నిండుగా, గుర్రపు నాడా ఆకారంలో ఇటు చివర నుంచి అటు చివర దాకా పడుతుంది. కార్తీకం సరైన కాలం.

బస్సు ఆగింది. అందరూ హడావిడిగా దిగిపోయారు. నేను గొడుగు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. బాబాయ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, మామూలే. మామూలు కానిది పిన్ని. ఆవిడ కూడా కదల్లేదు. ఒళ్ళో సంచి పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది.

పిన్నీ, వచ్చేశాం, చిత్రకోట్ అన్నాను. తెలుసమ్మా అంది. మరి దిగరా అంటే, నాకు ఒంటరిగా సూడ్డం ఇసుగెత్తిపోయింది, నానిక్కడే కూకుంటాను అంది. ఏడుపూ లేదు, అలకా లేదు, మామూలుగా చెప్పింది. సాహూ భయ్యా అద్దంలోంచి చూసి, కా హోగే దీదీ అని అడిగాడు. ఏం కాలేదు, ఊరుకో అన్నాను.  గోడ మీద బొమ్మ పెట్టుకుని చూసుకున్న మనిషి, అక్కడిదాకా వచ్చి, దిగకుండా వెనక్కి పోతుందా?

బాబాయ్‌కి మా మాటలు వినపడలేదు. భార్య లేవలేదన్నది కనపడింది. ఆయన తిరిగి చూసి, పో అన్నట్టు గడ్డం ఎత్తారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకోసారి ఎత్తారు. ఆవిడ ఇంకోసారి ఊపింది. ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశారు.

"పిచ్చి మొహమా, దీనికోసమే గదే వచ్చినావు" అన్నారు.  ఆవిడ సంచి మీద చెయ్యి కూడా తీయలేదు.

అప్పుడు ఆయన లేచారు. చొక్కా సర్దుకున్నారు, ముందు సీటు పట్టుకుని నిలబడి, పద అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టపడి మూసుకున్నది ఇంకోసారి లేదు.

పై గట్టు మీద, నది కిందికి దూకే చోటికి దగ్గరగా ఒక రెయిలింగు ఉంది. అక్కడికి వెళ్ళేసరికి హోరు. పక్క మనిషి గొంతు చించుకున్నా పెదాలు కదలడమే కనిపిస్తుంది. మావాళ్ళందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏటీ, ఏటీ అంటున్నారు. అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబులు చెప్పుకుంటున్నారు. బాబాయ్ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూశారు. మొదట ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో ఏదో సడలింది. అక్కడ వినపడేవాడు ఒక్కడూ లేడు.

కొందరు అప్పటికే మెట్లు దిగి కింద ఒడ్డుకి పోయారు, పడవల దగ్గరికి. వాళ్ళలో అప్పలరాజు బాబాయ్ ఒకరు. ఆయనదీ రైల్ మిల్లే. ఆయన పైన క్రేన్‌లో కూర్చునేవారట. సింహాచలం బాబాయ్ కింద నిలబడి, పట్టాలకి కొక్కెం తగిలించి, ఎత్తాలో దించాలో చేతులతో చెప్పేవారట. ఆ చప్పుడులో మాట పనికిరాదు, సైగే మాట. ఈ సంగతి అప్పలరాజు బాబాయ్ ఆ తర్వాత నాకు చెప్పారు. మరి బస్సులో ఇన్ని గంటలు చేతులతో మాట్లాడుకోలేదేం అని అడిగితే, నలుగురిలో చేతులూపితే మూగోడనుకుంటారని ఆడికి నామోషీ అమ్మా అన్నారు.

కింద నుంచి అప్పలరాజు బాబాయ్ తలెత్తి చూశారు. రెయిలింగు దగ్గర పాత స్నేహితుడు నిలబడి ఉన్నాడు. అప్పలరాజు బాబాయ్ కింద నుంచే రెండు చేతులూ పైకెత్తి ఊపారు. తర్వాత తనని చూపించి, పైకి చూపించి, తల కొట్టుకుని నవ్వారు. ఎప్పుడూ పైనుండే తను కింద, కిందుండేవాడు పైన, అంతా తిరగబడిందని. సింహాచలం బాబాయ్ నవ్వారు. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆయన పళ్ళు చూశాను.

అప్పలరాజు బాబాయ్ భార్య కాస్త లావుపాటి మనిషి. కింద దాకా దిగింది గానీ, మెట్లు తడిగా ఉన్నాయి, ఎక్కడానికి భయపడి రాతి మీద నిలబడిపోయింది. అప్పలరాజు బాబాయ్ ఆవిడని చూపించి, రెండు చేతులూ బారెడు చాపి, సరుకు బరువెక్కువ అన్నట్టు సైగ చేశారు. సింహాచలం బాబాయ్ చూసి, రెయిలింగు దగ్గర కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు. కుడిచెయ్యి పైకెత్తి వేలు గుండ్రంగా తిప్పారు, ఎత్తు. అరచెయ్యి మెల్లగా ఆడించారు, నిదానం. కొంచెం ఎడమకి. ఇంకొంచెం. పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తారు, ఆపు, అలాగే పట్టుకో. ఆవిడ ఆయాసపడుతూ ఆగింది. మళ్ళీ వేలు తిప్పారు, ఎత్తు. పట్టా మీద గీత పడకుండా ఎత్తినట్టే ఎత్తారు. అప్పలరాజు బాబాయ్ వెనక నుంచి ఆ సైగల ప్రకారం భార్యని చెయ్యి పట్టి ఎక్కిస్తున్నారు.

పైన మావాళ్ళందరూ చూస్తున్నారు. నవ్వి నవ్వి కొందరికి కళ్ళ వెంట నీళ్ళు. ఎక్కుతున్న ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వుతోంది. మొదటి రోజు టీ దగ్గర నవ్విన గుంపే అది. ఈసారి నవ్వించింది బాబాయ్, ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆవిడ ఆఖరి మెట్టు ఎక్కగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ హోరులో అవీ వినపడలేదు, చేతులు మాత్రం కనిపించాయి.

పార్వతమ్మ పిన్ని చప్పట్లు కొట్టలేదు. ఆయన చేతుల వైపే చూస్తోంది. ఆయన ప్లాంటులో ఏం పని చేసేవారో ఆవిడకి పేరు తెలుసు, జీతం తెలుసు, టిఫిన్ డబ్బా తెలుసు. ఆ పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. ఆయన మోచెయ్యి తట్టి, ఇదేటి అన్నట్టు వేలు గుండ్రంగా తిప్పి చూపించింది. ఆయన చెప్పారు, నోటితో కాదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, మూసి, ఒక్కొక్కటీ నేర్పారు. ఎత్తు. దించు. మెల్లగా. ఆపు, అలాగే పట్టుకో. ఆవిడ ఆయన్ని చూసి చేసేది, తప్పు చేసేది, మళ్ళీ చేసేది. మధ్యలో ఆయన ఆవిడ భుజం పట్టి నీళ్ళ వైపు తిప్పారు. పిచ్చుకల్లాంటి చిన్న పిట్టలు ఆ పడే నీళ్ళ వెనక రాతి సందుల్లోకి దూరిపోయి మళ్ళీ బయటికి వస్తున్నాయి. ఇద్దరూ అదే చూస్తున్నారు.

ఆ చోటు గురించి చెప్పాలని నేను రాత్రి చదువుకుని వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. చెప్పినా వినపడేవి కావు, అది వేరే సంగతి. గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాను, అంతే. సేఠ్‌జీ నా మొదటి ప్రయాణం తర్వాత అన్న మాట అప్పుడు తలకెక్కింది. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే వెళ్ళి చెప్పేదాన్ని, నిజమే సేఠ్‌జీ, నిలబెట్టడమే పని అని.

కానీ టైము అయిపోయింది. బార్సూర్ దూరం, అక్కడి నుంచి ఇంటి దారి ఇంకా దూరం. సాహూ భయ్యా హారను కొడుతున్నాడేమో, అదీ వినపడదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే బస్సు వైపు నడుస్తున్నారు. రెయిలింగు దగ్గర వీళ్ళిద్దరే మిగిలారు. నేను దగ్గరికి వెళ్ళి, మనసు రాకపోయినా, బయల్దేరాలన్నట్టు ఎర్ర గొడుగు విప్పి పైకెత్తాను.

పార్వతమ్మ పిన్ని వెనక్కి తిరిగి నన్ను చూసింది. బాబాయ్ పక్క నుంచి అంగుళం కూడా జరగలేదు. పిడికిలి బిగించి, నా మొహం మీదికి చెయ్యి పైకెత్తింది.

బాబాయ్ ఆ చెయ్యి చూశారు. ఇలా కాదన్నట్టు తల ఊపి, ఆవిడ మోచేతి కింద తన చెయ్యి పెట్టి, ఇంకొంచెం పైకెత్తి సరిచేశారు.

నేను గొడుగు మూసేశాను.